నూట యాభై అడుగుల కీర్తి

మా పట్నం దుర్భిణీ పొడవు నూట యాభై అడుగులని బాల్టిక్ తీరవాసులందరికీ ఇందుమూలంగా తెలియజేయడమైనది. మొన్నమొన్నటిదాకా అది నూట నలభయ్యే. సిగ్గుచేటైన ఆ రోజుల గురించి ఇప్పుడెవరూ మాట్లాడరు.

దాన్ని కట్టింది మెల్కియోర్ రైమన్ అనే పెద్దాయన. నేలమీద నిలబెట్టిన ఓడ తెరచాప కొయ్యకు తాళ్లతో వేలాడదీసిన పొడవాటి చెక్క అది. పై చివర పెద్ద అద్దం, కింది చివర కన్ను పెట్టే చిన్న అద్దం. తిప్పాలంటే రేవు కళాసీలు తాళ్లు పట్టాలి. వానకు తడిస్తే తాళ్లు బిగిసి, గురుగ్రహం వైపు పెట్టింది కాస్తా చర్చి శిఖరం వైపు తిరిగేది. అయినా ఆయన విసుక్కోలేదు. చూపు మందగిస్తోంది, చలికాలానికి పూర్తిగా పోతుందని వైద్యుడు చెప్పేశాడు. ఈలోగా శని చుట్టూ ఉన్న వలయాన్ని ఒక్కసారి కళ్లారా చూసుకోవాలని ఆయన కోరిక.

సరిగ్గా అప్పుడే, పక్క రేవువాళ్లు మనకంటే పొడుగు దుర్భిణీ లేపారని కబురొచ్చింది. నగరసభ అత్యవసరంగా సమావేశమై, మనదానికి కింది చివర పదడుగులు అతికించాలని ఏకగ్రీవంగా తీర్మానించింది. కొయ్య లేపినప్పుడల్లా దాని అడుగున బీరు పోయడం మా ఆనవాయితీ గనక కాస్త పోశారు. మిగతాది తాగారు.

మెల్కియోర్ వెళ్లి నగరాధ్యక్షుడు యోఆకిమ్ బ్రాండిస్‌ను కలిశాడు.

"అయ్యా, పెద్ద అద్దం పాతదే కదా. అది చూపే బొమ్మ కూడా పాత చోటనే, ఈ కొత్త చివరకు పదడుగుల ముందే పడుతుంది. ఆ పదడుగులూ అలాగే ఉండనివ్వండి. నేను చిన్న అద్దంతో లోపలికి జరిగి చూసుకుంటాను."

"బాగుందయ్యా. నువ్వు మధ్యలో కూర్చుంటే, ఆ పదడుగులూ దండగని ఊరు అనుకోదూ? నీ వలయం కోసం పట్నం పరువు తియ్యమంటావా?"

"చలికాలం దాకానే నాకు కళ్లుంటాయండీ."

"కీర్తి అంతకన్నా ఎక్కువ కాలం ఉంటుంది. చివర్న కూర్చో."

కూర్చున్నాడు. ఆకాశం నిర్మలంగా ఉంది, తాళ్లు కూడా చెప్పినమాట విన్నాయి. అద్దంలో బీరు నురగలాంటి తెల్లటి మసక తప్ప ఏమీ లేదు. ఆయన చాలాసేపు చూసి కళ్లు తుడుచుకున్నాడు. అవి ఆనందబాష్పాలని నగరసభ నిర్ధారించింది.

వైద్యుడి మాట నిజమైంది. ఇప్పుడు ఆయనతో ఏ పేచీ లేదు. దూరదేశాల అతిథులొస్తే, ఇద్దరు చేతులు పట్టుకుని ఆయన్ని సరిగ్గా చివర్న కూర్చోబెడతారు. ఆయన కన్ను ఆనిస్తాడు. అతిథులు చెక్క పక్కనే ఈ కొస నుంచి ఆ కొసకు నడిచి, పొడవు చూసి, చప్పట్లు కొట్టి వెళతారు.

ఏం కనిపిస్తోందని ఆయన్ని ఇంతవరకూ ఒక్కరూ అడగలేదు. మీరు మాత్రం? పొడవు చెప్పగానే అబ్బో అనేగా అనుకున్నారు.