బామ్మగారి మూడు వేల అడుగులు

ఆ ఉదయం పరిశోధకురాలు పెట్టుకున్న పని చాలా చిన్నది. వృద్ధుల సంరక్షణ కేంద్రానికి వెళ్ళాలి, వారం కిందట పన్నెండుమంది కాళ్ళకు కట్టిన అడుగులు లెక్కపెట్టే పట్టీలు విప్పుకోవాలి, భోజనం వేళకు ఇల్లు చేరాలి. బాగా నీరసించిన వృద్ధులు రోజుకు ఎంత కదులుతారన్నది ఆమె పరిశోధన. పదకొండు పట్టీలు బుద్ధిగా రోజుకు మూడు వందలో నాలుగు వందలో చూపించాయి. పన్నెండోది మూడు వేలు చూపించింది.

అది ఎనభై ఎనిమిదేళ్ళ బామ్మగారిది. పట్టీ కట్టిన రోజు పెట్టిన నడక పరీక్షలో నాలుగు మీటర్లు నడవడానికి ఆవిడకు అర నిమిషం పట్టింది, మధ్యలో రెండుసార్లు గోడ పట్టుకుంది. పరిశోధకురాలికి ఆవిడను చూసుకునే ఆయా మీద అనుమానం వచ్చింది.

"ఈ పట్టీ మీరేమైనా పెట్టుకున్నారా?" అని మెత్తగానే అడిగింది.

ఆయాకు అది దొంగతనం అంటగట్టినట్టు వినిపించింది. "పదిహేనేళ్ళుగా చేస్తున్నాను. ఒకరి వస్తువు ముట్టుకోలేదు," అంటూ కళ్ళొత్తుకుని, పని మానేస్తానని మేనేజరుకు చెప్పేసింది. మేనేజరు నెమ్మదస్తుడే. కానీ మూడు వేల అడుగులనగానే అతని ముఖం పాలిపోయింది. బామ్మగారు ఎవరి కంటా పడకుండా గేటు దాటిపోతోందని నిశ్చయించుకుని, ఆవిడ కూతురికి ఫోన్ చేశాడు. కూతురు అరగంటలో వచ్చి, సూట్‌కేసు మంచం మీద తెరిచి, తల్లి బట్టలు సర్దడం మొదలుపెట్టింది.

"ఇక్కడ చూసే దిక్కు లేదు. మా ఇంట్లోనైతే తలుపు గడియ పెట్టుకోవచ్చు."

పరిశోధకురాలు ఆ సూట్‌కేసు వంక చూసింది. తన ఒక్క ప్రశ్నకు ఒకరి పని, ఒకరి చోటు ఊడేలా ఉన్నాయి. అడగాల్సిన మనిషిని ఇంతవరకూ ఎవరూ అడగలేదని అప్పుడు తట్టింది.

"బామ్మగారూ, ఈ అడుగులు ఎవరివి?"

"నావే. అడిగితేగా చెప్పడానికి."

ఆవిడ మంచం దిగి, పక్క మంచం మీది నేస్తం భుజం తట్టింది. ఆ నేస్తానికి చూపు పోయి రెండేళ్ళయింది, మోకాళ్ళూ సహకరించవు. తడుముకుంటూ చక్రాల కుర్చీలోకి జారింది. బామ్మగారి చేతులు కుర్చీ పిడుల మీద పడ్డాయి. వణుకు ఆగింది. వంగిన నడుం కాస్త లేచింది. కుర్చీ వరండాలోకి కదిలింది.

"మొదటి కిటికీ. పాలవాడు సైకిలు మళ్ళీ అడ్డంగా పెట్టాడు. రెండో కిటికీ. పిల్లి గోడ మీదే ఉంది, దానికేం పని."

తెల్లవారుతూ ఆయాలు షిఫ్టు మారేటప్పుడు, మధ్యాహ్నం అందరూ కునుకు తీసేటప్పుడు, రోజూ ఇదేనట. ఆయా కళ్ళు తుడుచుకోవడం మరిచిపోయింది. మేనేజరు తెలియకుండానే గోడవారకు జరిగి దారి ఇచ్చాడు. ఎన్నో కాళ్ళ బలం కొలిచిన పరిశోధకురాలు, కాగితాలు గుండెలకు హత్తుకుని, ఆ రెండు సన్నటి కాళ్ళను కన్నార్పకుండా చూస్తూ వెంట నడిచింది.

"మరి ఆ రోజు నాలుగు మీటర్లు సరిగ్గా ఎందుకు నడవలేకపోయారు?"

"నువ్వు ఊరికే నడవమన్నావమ్మా. ఊరికే ఎక్కడికి నడుస్తాం?"

గదిలో కూతురు మడతపెట్టిన బట్టలు ఒక్కొక్కటే తిరిగి అలమరలో పెడుతోంది.

చూపులేని నేస్తం గొంతు సవరించుకుంది. "అంతా బాగానే ఉంది కానీ, మలుపుల దగ్గర కుర్చీని గోడకు కొడుతుంది. అదీ రాసుకో అమ్మాయ్."

పరిశోధకురాలు అదీ రాసుకుంది.