సర్కారుకు గడువు పెట్టిన వదిన

ఆ ఉదయం బూరుల్చా వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇంటి కప్పు వేయించడానికి దాచిన సొమ్మును, మరిది టోక్టోసున్ కంట పడకముందే, మూడు నెలల ట్రెజరీ బిల్లుల్లో, అంటే సర్కారు అప్పుపత్రాల్లో, పెట్టి రావాలి. కరాకోల్ ఊళ్లో రొక్కం చేతిలో ఉంచుకుని అయినవాళ్లకు లేదనడం మర్యాద కాదు. మరిదికేమో ఎప్పుడూ ఒక గుర్రం తక్కువే. సర్కారు పుచ్చుకున్న సొమ్ముకైతే, మంచు కరిగేదాకా ఎవరూ చెయ్యి చాపలేరు.

పని ముగించి బ్యాంకు మెట్లు దిగుతుండగా పొరుగింటి సాయ్‌రగుల్ ఎదురైంది. లోపల మేనేజరు లేచి నిలబడి బూరుల్చాతో చెయ్యి కలపడం ఆమె అద్దంలోంచి చూడనే చూసింది.

"ఏంటక్కా, అంత పెద్దమనిషి నీకోసం లేచి నిలబడ్డాడు?"

"ఏం లేదే, ఏదో సర్కారు పని."

"నా దగ్గరా దాపరికం!"

"ఇంకా బయటికి చెప్పకూడదు. పోనియ్యవే తల్లీ!"

నిజం చెబితే పొద్దు గూకేలోగా అది మరిది చెవిన పడుతుందని ఆమె భయం. చెప్పకపోవడం వల్ల అంతకంటే పెద్ద కబురే పుట్టింది. సాయ్‌రగుల్ పరుగున వెళ్లి బూరుల్చా భర్త ఒమూర్‌బెక్‌ను వాకిట్లోనే పట్టుకుంది.

"సుయుంచు, బావగారూ, సుయుంచు! అక్కకి సర్కారువారు పతకం ఇస్తున్నారు!"

శుభవార్త తెచ్చి సుయుంచు అడిగినవారికి కానుక ఇవ్వక తప్పదు. ఒమూర్‌బెక్ నెత్తిమీది కొత్త టోపీ తీసి ఇచ్చాడు. ఆ నష్టం పూడ్చుకోవడానికి తానూ అదే కబురుతో వీధిన పడ్డాడు. కబురు బరువెక్కితేనే కానుక బరువెక్కుతుంది గనుక, వీధి మధ్యకు వచ్చేసరికి పతకం బంగారమైంది. వీధి చివరికి చేరేసరికి దాన్ని తగిలించడానికి మంత్రిగారే బయలుదేరారు. ఒమూర్‌బెక్ ఒక టీకెటిల్‌తో, బతికున్న కోడిపుంజుతో ఇల్లు చేరాడు.

సాయంత్రానికి బంధుబలగమంతా దిగింది. టోక్టోసున్ తన మందలోంచి గొర్రెను తెచ్చి, కోసి, పొయ్యి మీదికి ఎక్కించేశాడు కూడా.

"పతకమేదమ్మా? ఓసారి చూపించు," అన్నాడు ముసలి పెదమామ.

బూరుల్చా ఉడుకుతున్న గొర్రె వంక చూసింది. ఇక దాచి లాభం లేదు.

"పతకం లేదు, గితకం లేదు మామా! కప్పు వేయించే డబ్బు సర్కారుకు అప్పిచ్చాను. అంతే."

గరిటె పట్టుకున్న టోక్టోసున్ చెయ్యి ఆగిపోయింది.

"సర్కారు... నీ దగ్గర అప్పు తీసుకుందా వదినా?"

"తీసుకుంది."

"గడువు పెట్టావా?"

"మూడు నెలలు."

"ఒప్పుకుందా?"

"ఒప్పుకోక చస్తుందా?"

"పతకాలదేముంది, ఎవడికైనా ఇస్తారు!" అని టోక్టోసున్ గరిటె పైకెత్తి గంతేశాడు. "సర్కారే వచ్చి చెయ్యి చాపిన గడపరా మాది!" పెదమామ ఆ గడప పచ్చగా ఉండాలని దీవించాడు. తర్వాత పాటలు సాగాయి, ఆటలు సాగాయి, గొర్రె మిగలలేదు.

చేతులు కడుక్కునే సందడిలో టోక్టోసున్ వదినను గుర్రాలపాక వెనక్కి పిలిచి, చొక్కాలోంచి ఒక కట్ట తీశాడు.

"నిన్న గుర్రాన్ని అమ్మాను వదినా. ఇది కూడా సర్కారు నెత్తిన పెట్టు. అన్నయ్యకు మాత్రం తెలియనివ్వకు. ఆయన అడిగితే నేను లేదనలేను."

బూరుల్చా కట్ట అందుకుంది. కాసేపటి క్రితం పొయ్యి దగ్గర, తమ్ముడికి తెలియనివ్వద్దంటూ భర్త ఇచ్చి వెళ్లిన కట్ట ప్రస్తావన మాత్రం, మర్యాద కోసం, ఎత్తలేదు.