తెన్‌గిరి ఐదో భాగంలో టీ కొట్టు

శనివారం ఉదయం హిరాసె వేసుకున్న పథకం చాలా చిన్నది. క్యోటోలోని దెమాచి బజారులో ఉన్న గేమ్ సెంటర్‌కు వెళ్లాలి. అక్కడ వారం వారం 'తెన్‌గిరి' అనే వీడియో గేమ్ ఆడే పాత అభిమానుల పక్కన చేరి, ఐదో భాగంలో వాళ్లకేం కావాలో కనుక్కోవాలి. మధ్యాహ్నం భోజనానికి ఇంటికి వచ్చేయాలి. ఇందులో చిక్కులు పడడానికి ఏముందని ఎవరైనా అనుకుంటారు. హిరాసె కూడా అలాగే అనుకున్నాడు.

తెన్‌గిరి అంటే ఒంటరి అంతరిక్ష నౌక, ఎదురుగా లెక్కలేనంత మంది శత్రువులు, తెర నిండా తూటాలు. నాలుగు భాగాలూ హిరాసె చేతుల మీదుగానే వచ్చాయి. నాలుగోది వచ్చి ఇరవై ఏళ్లయింది. ఇన్నాళ్లకు కంపెనీ అధ్యక్షుడు కురాహషి ఐదో భాగానికి సరేనన్నాడు, కానీ ఒక మెలిక పెట్టాడు.

"చూడవయ్యా హిరాసె, ముందు ఒక నమూనా తయారు చెయ్. దాన్ని దెమాచిలో ఒకరోజు పెట్టి చూద్దాం. దాని ముందు వరుస కట్టి నిలబడే జనం ఉంటే ఆట ఉంటుంది. లేకపోతే తెన్‌గిరి కథ అంతటితో ముగిసింది, నువ్వు బొమ్మల విభాగానికి వెళ్దువు గాని. ఇంకో మాట, నీకు నచ్చింది కాదు, అభిమానులు కోరుకున్నది చెయ్."

బొమ్మల విభాగమంటే గాజు పెట్టెలో ఇనుప గోళ్లతో పైకి లాగే దూది ఎలుగుబంట్లను ఎంపిక చేసే చోటు. ఎలుగుబంట్ల మీద హిరాసెకు కోపమేమీ లేదు. కానీ ముప్పై ఏళ్లు నౌకలు నడిపినవాడు వాటి చెవులు కొలుస్తూ ఉద్యోగం ముగించడం తల్చుకుంటే అతనికి గుండె బరువెక్కేది.

ముఖానికి మాస్కు, నెత్తిన మామగారి టోపీ పెట్టుకుని గుమ్మం దాటబోతుంటే భార్య ఫుసాఎ ఆపింది.

"ఏమిటండీ ఆ అవతారం? బ్యాంకేమైనా దోచుకొస్తారా?"

"నేనెవరో తెలిస్తే వాళ్లు మొహమాటపడి నిజం చెప్పరు. నన్ను గుర్తుపట్టకూడదు."

"అది మా నాన్న చేపలు పట్టే టోపీ. వెనక గాలం వేలాడుతోంది, చూసుకోండి."

హిరాసె గాలం ఊడదీసి, టోపీ మళ్లీ పెట్టుకుని బయల్దేరాడు.

గేమ్ సెంటర్‌లో ముగ్గురున్నారు. పోస్టాఫీసులో పనిచేసే మకినో, టోఫు కొట్టు తనబె, పళ్ల డాక్టరమ్మ ఇచినొసె. హిరాసె లోపలికి వచ్చి తలుపు మూసేలోపే ముగ్గురూ అతన్ని గుర్తుపట్టేశారు. గుర్తుపట్టకేం చేస్తారు? మకినో ఇంట్లో పూర్వీకుల పటాల పక్కన హిరాసె ఫొటో ఉంది. అయితే టోపీ, మాస్కు వేసుకుని వచ్చిన మనిషి తనను గుర్తుపట్టవద్దని కోరుకుంటున్నట్టే కదా. "మీరు హిరాసె గారు కదూ" అని అడగడమంటే నలుగురిలో ఆయన టోపీ లాగెయ్యడమే. క్యోటోలో పుట్టినవాళ్లకు ఇది ఒకరు నేర్పక్కర్లేదు. ముగ్గురూ ఆయన్ను ఎన్నడూ ఎరగనట్టు ఆడుతూ కూర్చున్నారు.

హిరాసె మకినో పక్క మిషన్ దగ్గర కూర్చున్నాడు. నేరుగా అడిగితే పొడి మాటలు చెబుతారని, కావాలనే తిరకాసు మాట ఒకటి వదిలాడు. ఇది వింటే అభిమానులు మీద పడి కరుస్తారని, ఆ కోపంలో అసలు సంగతి బయటపడుతుందని అతని ఆలోచన.

"ఐదో భాగం వస్తోందట కదండీ. నాకైతే ఆ నౌక మరీ జోరుగా పోతుందనిపిస్తుంది. కాస్త నెమ్మదిగా నడిస్తే బాగుండును."

మకినో చేయి జారింది. అతని నౌక పేలిపోయింది. తనబె పైకప్పు వంక చూశాడు. తెన్‌గిరిని పుట్టించినవాడే ఆ మాటంటే ఏమనాలి? మకినో ముఖాన నవ్వు పులుముకున్నాడు.

"నా నోట్లో మాట చెప్పారండీ! అదేం పరుగు, కొంపకు నిప్పంటుకున్నట్టు. నెమ్మదిగా ఉంటే ఎంత హాయి!"

"తూటాలు కూడా తగ్గిస్తే ఇంకా బాగుంటుంది. అన్నేసి ఉంటే ఒక్కదాన్నీ తీరిగ్గా చూడలేం," అంది ఇచినొసె.

తనబెకు తానొక్కడే వెనకబడిపోతున్నానని కంగారు పుట్టింది. "మధ్యలో ఎక్కడన్నా ఆగి, టీ తాగడానికి ఒక కొట్టు ఉంటేనా..." అన్నాడు.

"అంతరిక్షంలోనా?" అన్నాడు హిరాసె, మాస్కులో ఊపిరాడక.

"ఉండకూడదాండీ?" తనబె బెదిరిపోయాడు.

"ఉండొచ్చు లెండి."

అభిమానులు నిజంగా కోరుకునేది ఇదా అనుకుంటూ హిరాసె కాళ్లీడ్చుకుంటూ ఇల్లు చేరాడు.

సోమవారం ఆఫీసులో హిరాసె ఈ కోరికలన్నీ ప్రోగ్రామర్ సుగయ ముందు పెట్టాడు. ఈ అమ్మాయి బడి ఎగ్గొట్టి తెన్‌గిరి మూడో భాగం ఆడి, ఆ పిచ్చితోనే ఈ ఉద్యోగంలో చేరింది. నౌక వేగాన్ని ఆమె అప్పటికే కళ్లు తిరిగేలా సిద్ధం చేసి పెట్టుకుంది కూడా.

"టీ కొట్టాండీ?"

"టీ కొట్టే."

ఆమె ముఖంలో రక్తం ఇంకిపోయింది. అయినా పెద్దాయన ముచ్చటపడి అడుగుతున్నాడనుకుని, "అలాగేనండీ, చాలా బాగుంటుంది," అంది. ఈ కాలం పిల్లలకూ ఇదే నచ్చుతోందన్నమాట అనుకుని హిరాసె నిట్టూర్చాడు. కురాహషి అయితే సగం విని తల పట్టుకున్నాడు. కానీ అభిమానులు కోరుకున్నదే చెయ్యమన్నది తనే కాబట్టి కిక్కురుమనలేదు. 'హిరాసె మనసులోని కొత్త తెన్‌గిరి: నెమ్మదైన నౌక, చల్లని ప్రయాణం, దారిలో టీ' అని కంపెనీ పేజీలో ప్రకటించేశాడు.

దేశం నలుమూలలా ఉన్న అభిమానులు భగ్గుమన్నారు. ఇది తెన్‌గిరా, తీర్థయాత్రా అని ఒకరు, హిరాసెకు మతి పోయిందా అని ఇంకొకరు. ఇదంతా చూసి మకినో మనసు విలవిల్లాడింది. అభిమానుల చర్చావేదికలో ఇలా రాశాడు: "దయచేసి ఆయన్ను నొప్పించకండి. నేను దగ్గర్నుంచి చూశాను. ముఖానికి మాస్కు ఉంది. కళ్లు మునుపటిలా ఆనడం లేదేమో. నౌక నెమ్మదిగా ఉండాలని ఆయన అడిగిన తీరు చూస్తే నాకు కడుపు తరుక్కుపోయింది."

రాసింది అంతే. సప్పోరోలో ఒకతను దీన్ని చదివి, కంటికి ఆపరేషన్ జరిగిందని పక్కవాడికి చెప్పాడు. ఆ పక్కవాడి దగ్గర కన్ను కాస్తా గుండె అయింది. కగోషిమాకు చేరేసరికి ఇది హిరాసె చేయబోయే ఆఖరి ఆట. తిట్లన్నీ ఒక్కసారిగా ఆగిపోయి, పొగడ్తలు మొదలయ్యాయి. మా జీవితాలకు కావలసింది ఈ నెమ్మదేనని, టీ కొట్టు ఆలోచన మహా గొప్పదని వందలమంది రాశారు. ఒక్కొక్కటే చదువుతుంటే హిరాసె గుండె ఒక్కో అంగుళం కుంగింది.

తర్వాత కాగితపు కొంగలు రావడం మొదలైంది. వెయ్యేసి కొంగలు మడిచి, దారానికి గుచ్చి, గుత్తులుగా కట్టి పంపారు. వాటిని హిరాసె బల్ల చుట్టూ వేలాడదీస్తే మనిషి కనబడడం మానేశాడు. అభిమానులకు ఇంత ఆనందంగా ఉందా అని అతను మొదట ఆశ్చర్యపోయాడు. కానీ ఇలాంటి గుత్తులు పంపేది మంచాన పడ్డవాళ్లకు కదా? ఆ అనుమానం బలపడేలోపే కురాహషి వచ్చి, మెత్తని కుర్చీ ఒకటి వేయించి, రిబ్బను కట్టిన ఖర్బూజా పెట్టె చేతిలో పెట్టాడు.

"మెట్లు ఎక్కకు. ఏ అవసరమున్నా నాతో చెప్పు," అన్నాడు గొంతు తగ్గించి. ఉద్యోగంలో చేరినప్పటి నుంచీ అతని నోట హిరాసె ఇంత మంచి మాట వినలేదు. అందుకే భయం వేసింది.

ఇంట్లో ఫుసాఎ ఆ పెట్టె చూసి చేతిలో గరిటె వదిలేసింది. "ఖర్బూజా ఎవరూ ఊరికే ఇవ్వరు. మా అత్తయ్య ఆసుపత్రిలో ఉన్నప్పుడే చూశాను ఇంత పెద్ద పండు. నా దగ్గర ఏం దాస్తున్నారండీ?"

"నాకే తెలియదే! నీకేమన్నా చెప్పారా?"

"నాకు చెబితే మిమ్మల్ని అడుగుతానా?"

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వసంతంలో చేసిన వైద్య పరీక్షలప్పుడు డాక్టరు "మీకేం లేదండీ" అని నవ్వాడు. ఆ నవ్వు అవసరమైనదానికంటే కాస్త ఎక్కువే ఉందని హిరాసెకు ఇప్పుడు తోచింది. మర్నాడే ఆ డాక్టరు దగ్గరికి పరుగెత్తి, నిజం చెప్పమన్నాడు. నిజంగానే ఏమీ లేదు కాబట్టి డాక్టరు ఆ సంగతే చెప్పాడు. కానీ ఎదుటి మనిషి వణికిపోతున్నాడని జాలిపడి, మామూలుకంటే మెత్తగా చెప్పాడు. పైగా భుజం తట్టి, "మనసుకు నచ్చిన పనులు చేసుకుంటూ హాయిగా ఉండండి," అన్నాడు. హిరాసెకు అంతా అర్థమైపోయింది.

కమో నది ఒడ్డున కూర్చుని అతను చాలాసేపు నీళ్ల వంక చూశాడు. పోతానన్న బాధ ఉంది. అంతకు మించిన బాధ ఇంకొకటుంది. జీవితమంతా మెరుపులాంటి నౌకలు చేసినవాడు, ఆఖరి నౌకను నత్తలా పాకించి పోవడమా! అతనికి నిజంగానే ఏడుపొచ్చింది.

నమూనా పెట్టిన రోజు దెమాచిలో, సప్పోరో అతనితో సహా, ముప్పై మంది దాకా అభిమానులు చేరారు. కగోషిమా నుంచి వచ్చినతను ముందుజాగ్రత్తగా అంత్యక్రియలకు వేసుకునే నల్ల కోటు వేసుకున్నాడు. ఒక్కొక్కరే మిషన్ ముందు కూర్చుంటున్నారు. నౌక తీరిగ్గా కదులుతోంది. తూటా ఒకటి వస్తోంది, కాసేపాగి రెండోది వస్తోంది. ఇచినొసె టీ కొట్టు దగ్గర ఆగింది. 'మరో కప్పు పొయ్యనా?' అని తెర అడిగితే కాదనలేక మూడు కప్పులు తాగింది. ప్రతివాళ్లూ ఆడడం ముగించి, చప్పట్లు కొట్టి, హిరాసెకు వంగి నమస్కరించి, కళ్లు తుడుచుకుంటూ పక్కకు వెళ్లి నిలబడుతున్నారు. రెండోసారి ఆడడానికి ఒక్కరూ రావడం లేదు. వరుస పలచబడడం చూసి కురాహషి, ఎదురుగా ఉన్న హోటల్‌కు సోబా నూడుల్స్ తినడానికి వెళ్లిపోయాడు.

చివరికి వరుసలో మకినో ఒక్కడే మిగిలాడు. నెమ్మదైన నౌకను చూస్తూ, "అద్భుతం," అన్నాడు. అంతే, హిరాసెలో ఏదో తెగింది.

"చాలు, ఆపండయ్యా! నేను పోతున్నానని మీకందరికీ తెలుసు. పోయేవాడికి ఇంకా మొహమాటమెందుకు? ఈ ఆట నాకు నచ్చలేదు. పరమ చెత్తగా ఉంది. దీన్ని నా పేరు మీద వదిలి పోవాలంటే నాకు సిగ్గుగా ఉంది!"

అందరూ కళ్లు తుడుచుకోవడం ఆపేశారు. తెర మీది టీ కొట్టులో మాత్రం నీళ్లు మరుగుతున్నాయి.

"నచ్చలేదా? మీకు?" అన్నాడు మకినో.

"మీరు అడిగారని చేశానయ్యా!"

"మీరు అడిగారని మెచ్చుకున్నామండీ! ఆ రోజు మాస్కు వేసుకుని వచ్చి..."

"నన్ను గుర్తుపట్టారా?"

"గుమ్మంలోనే పట్టాం."

"ఆ టీ కొట్టు మాట అన్నందుకు ఆ రోజు నుంచీ నాకు నిద్ర లేదండీ," అని తనబె ఘొల్లుమన్నాడు.

హిరాసె కుర్చీలో కూలబడ్డాడు. "మరి నేను పోతున్నానని మీకెవరు చెప్పారు?" అని అడిగాడు. కగోషిమా అతను సప్పోరో అతని వైపు చూశాడు. సప్పోరో అతను మకినో వైపు చూశాడు. మకినో చెవులు ఎర్రబడ్డాయి.

"కళ్లు సరిగ్గా ఆనడం లేదేమో అన్నానండీ... అంతకుమించి ఒక్క ముక్క అనలేదు."

బతికిపోయానని సంతోషించాలో, వీళ్లను తన్నాలో హిరాసెకు తోచలేదు. అంతలో వెనక నుంచి సుగయ గొంతు సవరించుకుంది. "పాత వేగం నేను తీసెయ్యలేదండీ. మనసొప్పక లోపలే ఉంచాను. ఒక్క మీట నొక్కితే వస్తుంది."

"ముందే చెప్పొచ్చుగా తల్లీ!"

"మీరు అంత ముచ్చటపడుతుంటే ఎలా చెప్పనండీ?"

మీట నొక్కారు. తెర నల్లబడి, నౌక వెలిగింది. మకినో చేతులు రుద్దుకుని ఆడడం మొదలుపెట్టాడు. తూటాలు జడివానలా కురిశాయి. కన్ను మూసి తెరిచేలోపు నౌక తునాతునకలైంది. అతను ఇరవై ఏళ్లుగా ఎదురుచూసింది దీనికోసమే.

"పోయానండీ!" అన్నాడు, కళ్లనిండా నీళ్లతో, ముఖమంతా నవ్వుతో. "పీచమణిచేసిందండీ! ఎంత హాయిగా ఉందో!"

అతను లేచి వరుస చివరికి పరుగెత్తాడు. తర్వాత ఇచినొసె కూర్చుంది. ఆమె కూడా పోయింది, ఆమె కూడా పరుగెత్తింది. తనబె, నల్ల కోటు అతను, సప్పోరో అతను అందరూ అదే దారి. ఆశ ఆపుకోలేక హిరాసె కూడా కూర్చున్నాడు. తన చేత్తో చేసిన శత్రువులు తనను ముక్కలు చేస్తుంటే అతనికి ప్రాణం లేచి వచ్చింది. అక్కడున్నవాళ్లలో మొదటి అంచె దాటినవాళ్లు ఒక్కరూ లేరు.

కురాహషి సోబా ముగించి, హోటల్ అద్దంలోంచి చూసి కళ్లు నులుముకున్నాడు. వరుస గేమ్ సెంటర్ గుమ్మం దాటి, బజారులోకి వచ్చి, టోఫు కొట్టు దాకా ఉంది. అతనికి వీపులే కనబడుతున్నాయి. ఇంకో టీ తెప్పించుకుని అక్కడే కూర్చుని చూశాడు. ముందు నుంచి ఒకరు లోపలికి పోతుంటే, వెనక పక్క సందులోంచి ఒకరు వచ్చి చేరుతూనే ఉన్నారు. వరుస అంగుళం తరగలేదు. ఇక ఆగలేక పరుగెత్తుకొచ్చాడు.

"హిరాసె! ఎక్కడి నుంచయ్యా ఇంత జనం? ఇంకా వస్తూనే ఉన్నారు!"

"అవునండీ, వస్తూనే ఉన్నారు," అని హిరాసె వినయంగా వంగాడు.

"ఐదో భాగం ఖాయం. ఎలుగుబంట్ల సంగతి మర్చిపో," అని కురాహషి అక్కడికక్కడే మాటిచ్చాడు. వచ్చినవాళ్లు మొదటి నుంచీ ఆ ముప్పై మందేనని ఆయనకు చెప్పడం మర్యాదగా ఉండదని, వరుసలో ఉన్న ముప్పై మందికీ తోచింది.