పంచె మీద హంతకుడు

ఆ శనివారం పొద్దున ధరణి వేసుకున్న పథకం చిన్నదే. కోవిడ్‌తో మేడమీద గదిలో ఒంటరిగా పడివున్న నాన్నకు చైనా కత్తియుద్ధాల సినిమా చూపించాలి. మెట్లపైన కిటికీకి ఆయన పంచె కట్టి ప్రొజెక్టర్ పెడితే, తలుపు తీసుకుని మంచం మీంచే చూడొచ్చు.

సాయంత్రం పంచె కడుతుంటే తెరిచిన తలుపులోంచి ఆయన వేలికున్న ఆక్సిజన్ మీటరు కనిపించింది. ఎనభై ఆరు. కిందున్న అమ్మకు మాత్రం తొంభై ఆరని కేకేసి చెబుతున్నారు.

"నాన్నా, అమ్మకి చెప్పేస్తా."

"వద్దమ్మా. ఆస్పత్రికెళ్ళిన శేషయ్య అంకుల్... తిరిగొచ్చాడా? సినిమా అయ్యాక... నేనే చెప్తా. ఒట్టు."

ధరణికి ఎదురు చెప్పడం చేతకాదు. ఊళ్ళో బడి వదిలి ఐర్లండ్‌లోని నేస్‌కు వచ్చి రెండేళ్ళయినా, క్లాసులో హాజరు పలకడానికే గొంతు పెగలదు.

చలికాలం కదా, నాలుగున్నరకే చీకటి పడింది. సినిమా అంతా సిరాతో గీసినట్టు నలుపూ తెలుపూ. వానలో కాగితపు గొడుగులు, వాటి అంచులకు కత్తులు. హంతకుడి మొహం కనబడదు, నీడ వచ్చి తలలు నరికిపోతుంది. ధరణి చెవులు మాత్రం నాన్న ఊపిరి మీదే ఉన్నాయి. ఈ సినిమా ఎప్పటికవుతుంది?

పల్చటి పంచెకు రెండువైపులా బొమ్మ పడుతుందని ఎవరికీ తట్టలేదు. ఎదురింటి మోరీన్‌కు మాత్రం మేడమీద ఎవరో ఎవరినో నరకడం స్పష్టంగా కనిపించింది. వెంటనే గార్డ్స్‌కు, అంటే అక్కడి పోలీసులకు, ఫోన్ చేసింది.

బెల్లు మోగితే అమ్మ బీట్‌రూట్ తురుముతున్న చేతులతోనే తలుపు తీసింది. గుమ్మంలోని గార్డు ఆ చేతులకేసి చూశాడు.

"మీ ఆయనెక్కడ?"

"పైన. దగ్గరికి ఎవర్నీ పోనివ్వట్లేదు."

"ఎప్పట్నుంచి?"

"సోమవారం నుంచి. పాపం, కదలట్లేదు."

అప్పుడే పైనుంచి చావుకేక వినిపించింది. గార్డు మాస్కు సర్దుకుని మెట్లమీద పరుగెత్తి, సరిగ్గా ప్రొజెక్టర్ ముందు నిలబడ్డాడు. పంచె మీద హంతకుడి నీడకు పోలీసు టోపీ వచ్చింది.

"తప్పుకోండి... ఇప్పుడే... దొరుకుతాడు..." అన్నారు నాన్న మంచం మీంచి.

"సినిమానా! క్షమించండి సార్. ఒంట్లో ఎలా ఉంది?"

"గ్రాండ్... ఐయామ్... గ్రాండ్."

బాగున్నానన్న ఆ మాటకి గార్డు నవ్వుతూ వెనక్కి తిరిగాడు.

"ఎయిటీ సిక్స్!" ధరణి ఇల్లదిరేలా అరిచింది. "హిస్ ఆక్సిజన్! ఎయిటీ సిక్స్!"

అంబులెన్స్ వచ్చింది. "సినిమా అవలేదుగా" అన్నట్టు కూతురికేసి చూసి వెళ్ళిపోయారు నాన్న. తోడు వెళ్ళడానికి ఎవరినీ రానివ్వలేదు. అమ్మ ఎర్రటి చేతులతో మెట్లమీదే కూర్చుండిపోయింది. పంచె మీద కత్తులు తిరుగుతూనే ఉన్నాయి. ప్రొజెక్టర్ ఆపాలని ఎవరికీ తోచలేదు.

మూడు వారాలకు నాన్న సగమై తిరిగొచ్చారు. గేటు పట్టుకుని ఆయాసం తీర్చుకుంటూ, "ఆ సినిమా ముగింపు చెప్పకే. ఇవాళ చూద్దాం" అన్నారు. ఆస్పత్రిలో ఆ ఆశతోనే బతికారట.

రోడ్డవతల మోరీన్ కళ్ళొత్తుకుంటూ చెయ్యూపింది. "వచ్చారా మిస్టర్ ప్రసాద్! ఆ గొడుగులమ్మే ముసలిదే అందర్నీ చంపిందంటే, నేను కలలోనైనా అనుకోలేదు!"

ఈసారి గార్డ్స్‌కు ఫోన్ చేస్తానన్నది నాన్న.