వివరాలు కాసేపట్లో

పది గంటలకు యజమాని గదిలోకి వెళ్లి, కరపత్రాల విభాగానికి అధిపతిగా బయటికి రావాలన్నది ఆ ఉదయం ప్రెస్సు ప్రూఫ్‌రీడరు వేసుకున్న పథకం. ఆ కంగారులో పెందరాళే లేచి, ఏం చేయాలో తోచక సింకులోని అంట్లన్నీ తోమేశాడు. పెళ్లయిన పదకొండేళ్లలో అదే మొదటిసారి.

భార్య వెంటనే పుట్టింటి వాట్సాప్ గ్రూపులో పెట్టింది: "షాకింగ్! పొద్దున్నే ఈయన చేసిన పని! వివరాలు కాసేపట్లో."

"షాకింగ్ అంటే గుండె అదిరేదని అర్థం. ప్రమాదాలకు దాచుకోవాల్సిన మాట. గిన్నెలకు వాడతారా?" అన్నాడు చెప్పులేసుకుంటూ. కరపత్రాల్లో ఆ మాట కనబడితే కొట్టేయందే అతనికి నిద్రపట్టదు.

"మామూలుగా రాస్తే ఎవరు చదువుతారండీ? ముందు అదరనివ్వండి, తర్వాత చెప్తా," అని ఆమె ఫోను చార్జింగుకు పెట్టి తలస్నానానికి వెళ్లింది. అది ముప్పావుగంట పట్టింది.

"ఉద్యోగం మానేసుంటాడు," అని పెద్దమ్మ గ్రూపులో తేల్చేసింది. తమ్ముడు ఫోన్ చేస్తే అక్క ఎత్తలేదు. బావ ఫోను యజమాని గది బయట ట్రేలో ఉంది. లోపలికి వెళ్లేవాళ్లు ఫోను బయట పెట్టాలన్నది ప్రెస్సు నియమం. దాంతో ప్రెస్సుకే చేశాడు.

"మా బావ ఉద్యోగం మానేశాడాండీ?"

ఫోనెత్తిన డీటీపీ ఆవిడ, ప్రశ్నార్థకం వదిలేసి మిగతాది యజమానికి చేరవేసింది.

"ఆ విభాగం నీకే ఇద్దామనుకున్నానయ్యా. మానేస్తున్నావటగా?" అన్నాడు యజమాని.

"నేనా? ఎవరన్నారండీ?" అనేలోపే తలుపు తోసుకుని అత్తింటివాళ్లు ఎనిమిదిమంది వచ్చారు. పెద్దమ్మ అప్పటికే ఏడుస్తోంది.

"ఏం పుట్టిందయ్యా నీకు? మా పిల్లని నట్టేట ముంచుతావా?"

అతను నోరైతే తెరిచాడు గానీ వంతు రాలేదు. ఇంతలో, ఫోనులో నలభై మిస్డ్ కాల్స్, గ్రూపులో గోల చూసిన భార్య, తడిజుట్టుకు చుట్టిన తువ్వాలుతోనే పరిగెత్తుకొచ్చింది.

"అయ్యో, ఏం లేదు పెద్దమ్మా! ఆయన అంట్లు తోమారంతే. షాకింగ్ అని గ్రూపులో మెసేజీ పెట్టింది అందుకే."

తమ్ముడు బావను తేరిపార చూశాడు. "దీనికంటే ఉద్యోగం మానేశాడన్నదే నమ్మేలా ఉందక్కా."

యజమాని మాత్రం నవ్వలేదు. "ఇరవై ఏళ్లుగా కరపత్రాలు అచ్చేస్తున్నాను. చదివి ఒక్కడూ పరిగెత్తుకు రాలేదు. ఆ మెసేజీ రాసింది మీరేనామ్మా?"

సోమవారం నుంచి కరపత్రాల విభాగం పెద్ద కుర్చీలో ఆమె కూర్చుంటోంది. ఆఫీసులో భర్త ఆమెను 'మేడమ్' అంటాడు. ఒకరోజు ఇంట్లోనూ పొరపాటున అనేశాడు. ఆ తప్పును ఆమె ఇంతవరకూ దిద్దనివ్వలేదు.