లలితకుమారి కుడిపాద విమోచనము

పొగ ఏదో, మంచు ఏదో పోల్చుకోలేక సూర్యభగవానుడంతటివాడే ఘాజియాబాద్ పొగగొట్టాల వెనుక కాసేపు తటపటాయించి, ఉద్యోగధర్మం తప్పదు కనుక విసుగ్గా పైకి లేచిన ఒకానొక కార్తీక ఆదివార ప్రభాతవేళ, నానామంత్రిత్వశాఖా పరివేష్టితమును, ఫ్లైఓవర్ పరంపరా సంకీర్ణమును, హారన్ ఘోషాభీషణమును అగు ఢిల్లీ మహానగరమందు, ఆర్.కె. పురం సర్కారీ క్వార్టర్ల మూడో అంతస్తు నుండి, సైకిల్‌ను భుజాన వేసుకొని ఒక వీరనారి మెట్లు దిగుచున్నది. సావధానముగా వినుడు. ఇది రాజ్యముల కోసం జరిగిన పోరు కాదు. ఒక బూటు లోపల జరిగినది.

ఆ వీరనారి పేరు లలితకుమారి. పుట్టినది కాకినాడలో, పని చేయునది కేంద్ర ప్రభుత్వంలో సెక్షన్ ఆఫీసరుగా. పెండింగ్ ఫైళ్ల పీచమణచినది, మూడు గంటల మీటింగులో ఆవులింతను పెదవి దాటనివ్వనిది, పొరుగు సెక్షన్‌వారు తోసిన పనిని తోసినంత వేగంగా తిప్పికొట్టగల ధీరురాలు. అంతటి ఆమెకు వారం మొత్తంలో తనదని చెప్పుకోదగినది ఆదివారం పొద్దుటి సైకిల్ ఒక్కటే. ఆ కాసేపు ఆమెను మేడమ్ అనేవారు లేరు, మమ్మీ అనేవారు లేరు, నా కళ్లజోడు ఎక్కడ పెట్టావని అరిచేవారు అసలే లేరు.

అట్టి సుఖమును చూసి ఓర్వలేక ఒక శత్రువు పుట్టాడు. చప్పుడు చేయక వచ్చి, చెప్పకుండా ఆక్రమించే ఆ దుర్మదాంధుని పేరు తిమ్మిరి. మోతీబాగ్ చేరేసరికి కుడికాలి చిటికెన వేలిని పట్టేవాడు. పక్కవేళ్లు ప్రతిఘటించకుండానే లొంగిపోయేవి. చిట్టచివరకు బొటనవేలు కూడా పతనమై, పాదం మొత్తం ఎవరిదో తెచ్చి అతికించినట్టు అయిపోయేది. కిందటి ఆదివారం ఇంటి ముందు సైకిల్ దిగబోయి, ఉన్నదనుకున్న కాలి మీద భారం మోపి, అది లేకపోయేసరికి, కింది అంతస్తువారి చామంతి కుండీల మీద ఆ వీరనారి సమూలంగా కూలిపోయింది.

ఆ కుండీల యజమాని పెద్దిరాజు. కాలనీలో సైకిల్ శాస్త్రమునకు తానే ఆచార్యుడనని తనకు తానే ప్రకటించుకొన్నవాడు. కుండీల సంగతి మాట్లాడటానికి వచ్చి, టీ పుచ్చుకొని, వైద్యమునకు దిగాడు.

"ఈ వయసులో కాలు మొద్దుబారిందంటే అది షుగరే చెల్లెమ్మా."

"షుగర్ లేదండీ అన్నయ్యగారూ. మొన్ననేగా టెస్టు చేయించుకున్నాను."

"అయితే లేసులు వదులు. నెల నుంచీ చెప్తున్నానా? కాలు బూటులో కదలకూడదు. బిగించు. ఇంకా బిగించు."

ఆమె భర్త నిరంజన్ అంతవరకూ గోడ వైపు చూస్తూ కూర్చున్నాడు. కోపిష్టి కాదు, భయస్తుడు. "చూడు లలితా, కుండీల మీద పడ్డావు కాబట్టి సరిపోయింది. అదే బస్సు ముందైతే? వచ్చే ఆదివారం పెద్దిరాజుగారు నీ వెంట వస్తారు. మళ్లీ తిమ్మిరెక్కిందా, సైకిల్ ఎవరికైనా ఇచ్చేద్దాం. హాయిగా పార్కులో నడుచుకో."

పార్కు! ఆ మాట ఆమె హృదయమున శూలమై దిగింది. పార్కులో ఆంటీలందరూ ఉంటారు. వారికి ప్రశ్నలుంటాయి.

కూతురు హాసిని ఫోన్‌లోంచి తల ఎత్తకుండానే, ఈసారి పడొద్దని హిందీలో తీర్పు ముగించింది. "మమ్మీ, పాపా సీరియస్ హై. ఇస్ బార్ గిర్‌నా మత్."

కావుననే ఈ ఆదివారం లలితకుమారి పళ్లు బిగబట్టి, కుడిబూటు లేసును మునుపెన్నడూ లేనంత గట్టిగా లాగి, ముడి మీద ముడి వేసింది. లాగినకొద్దీ లేసు కొసలు పొడుగై, బూటుకు ఇరువైపులా విజయధ్వజముల వలె వేలాడినవి. వాటిని ఆమె పట్టించుకోలేదు. యుద్ధమునకు పోవువారు కుచ్చిళ్లు సవరించుకొంటూ కూర్చోరు గదా.

గమ్యం ధౌలా కువాన్ దగ్గర, దేవస్థానంవారి చలవతో వెలసిన కాలేజీ గేటు. అక్కడిదాకా పోయి రావలెను. ముందు పెద్దిరాజు, శిరస్త్రాణధారియై, ఒంటికి అతుక్కున్న నల్లని దుస్తులలో పెసరకాయ వలె బిగుసుకొని పోతున్నాడు. వెనుక లలితకుమారి. కొంతదూరమునకొకసారి అతడు మెడ తిప్పి గర్జించును.

"తిమ్మిరెక్కిందా చెల్లెమ్మా?"

"లేదండీ!"

అది అబద్ధం. రింగ్ రోడ్డు ఎక్కేసరికే చిటికెన వేలు పడిపోయింది. ఎర్రలైటు దగ్గర ఎడమకాలు నేలకానించి, కుడికాలి వంక వంగి, ఆమె కట్టుకున్న మఫ్లరు చాటున పంటి బిగువున పలికెను:

"ఓరీ తిమ్మిరీ! తుచ్ఛా! కనబడని పిరికిపందా! ఆడిట్ పార్టీని ఎదురుకొని, వరుసగా మూడు ట్రాన్స్‌ఫర్ ఆర్డర్లను వెనక్కి మళ్లించిన నన్ను ఐదు వేళ్ల సందున నక్కి గెలుతువా? నా పాదము నాది! నా ఆదివారము నాది! దమ్ముంటే బూటు విప్పి బయటికి రారా!"

పక్కనున్న ఆటోవాలా నోట్లోని బీడీ తీసి, తననే ఏదో అన్నదనుకొని కంగారుగా అడిగాడు. "ముఝ్‌సే కుఛ్ కహా, దీదీ?"

"నహీ భయ్యా," అన్నది వీరనారి. పచ్చలైటు పడింది.

కాలేజీ గేటు చేరారు, తిరిగారు. అప్పటికి కుడిపాదం మడమ వరకు శత్రువశమైంది. పెడల్ మీద తన కాలు ఉన్నదో లేదో కంటితో చూసి నమ్మవలసిన స్థితి. అటువంటి ఘోరసమయమున, గాలికి ఊగుతున్న లేసు కొస ఒకటి తిరుగుతున్న చైనులోకి తల దూర్చింది. పళ్లచక్రము దానిని కరకరా నమిలి లోనికి లాక్కొన్నది. పెడల్ ఒక్కసారిగా బిగిసి ఆగిపోయింది. పాదము నాగపాశబద్ధమై సైకిల్‌కు అంటుకుపోయింది. సైకిల్ అటూ ఇటూ తూలి, ఫుట్‌పాత్ అంచుకు చేరి ఒరిగింది. ఎడమకాలు భూమాతను అందుకొన్నది గనుక ప్రాణములు దక్కినవి.

పెద్దిరాజు ఏమీ ఎరుగక ముందుకు పోతూనే ఉన్నాడు. అతడు మెడ తిప్పినచో సర్వనాశనము. ఆమె వంగి లేసు లాగింది, రాలేదు. ముడి విప్పబోయింది. ముడి మీద ముడి వేసిన చేతులు తనవే గనుక ఎవరినీ తిట్టుకోలేకపోయింది. బూటులోంచి కాలు లాగింది. కాలు లాగితే వచ్చేంత వదులుగా కట్టినది ఎవరు? కళ్ల ముందు పార్కు కనబడింది, ఆంటీలు కనబడ్డారు.

అప్పుడు చేయి జేబులోని తాళాల గుత్తికి తగిలింది. దానికి వేలాడుతున్నది ఒక నెయిల్ కట్టర్! నఖసంహారమునకు తప్ప మరెన్నడూ ఒర నుండి వెడలని ఆ ఆయుధమును దూసి, లలితకుమారి లేసు మీద పడింది. పటుక్కున ఒక పోగు తెగింది. పటుక్కున ఇంకొకటి. నూలు రాలుచుండగా, వెనుకనుండి బస్సులు శంఖములు పూరించుచుండగా, చిట్టచివరి పోగు ఫట్టుమని తెగింది. బిగుసుకున్న బూటు, ఏళ్ల తరబడి మూసి ఉన్న ఇంటి తలుపులా, నెమ్మదిగా నోరు తెరిచింది.

ఆమె మిగిలిన ముక్కను చైనులోంచి పీకి, ఫుట్‌పాత్ మీద కుడికాలు ఆనించింది. మొదట ఏమీ లేదు. తరువాత మడమలో చిన్న మంట. ఆపైన వెయ్యి సూదులు, లక్ష సూదులు. "అబ్బా!" అన్నది ఆమె, ఆనందంతో. నెల రోజులుగా తన కాలిని చంపుతున్నది ఎవరో ఆ సూదులు ఒక్కొక్కటిగా సాక్ష్యం చెప్పాయి. అది షుగరు కాదు, వయసు కాదు, ముడి.

అంతలో పెద్దిరాజు వెనుదిరిగి వచ్చాడు. "అయ్యో, లేసు తెగిందే! ఉండు, నా దగ్గర ఇంకోటుంది. గట్టిగా కడతాను."

"వద్దండీ అన్నయ్యగారూ. మీ లేసు మీరే కట్టుకోండి."

ఆ స్వరం మంత్రిత్వశాఖలో అండర్ సెక్రటరీలు ఎరిగినది. పెద్దిరాజు వెంటనే సైకిలెక్కాడు. నోరు తెరిచిన బూటు టపటపలాడుతుండగా లలితకుమారి అతనిని దాటి మోతీబాగ్ మీదుగా దూసుకుపోయింది. చిటికెన వేలు మేలుకొనే ఉన్నది.

ఇంటి మెట్ల మీద నిరంజన్ కాచుకొని కూర్చున్నాడు. పెద్దిరాజు రొప్పుతూ వచ్చి, హాసిని ఇచ్చిన టీ కప్పు అందుకొని, "మరీ బిగించకూడదు, అదే నేను చెప్పేది," అన్నాడు.

నిరంజన్ వినిపించుకోలేదు. ఆమెను పక్కన కూర్చోబెట్టుకొని బూటు తీసి, మేజోడు లాగి, పాదం చేతుల్లోకి తీసుకొన్నాడు. "కళ్లు మూసుకో. ఏ వేలు పట్టుకున్నానో చెప్పు."

"బొటనవేలు."

"ఇది?"

"దాని పక్కది. అబ్బ, చల్లగా ఉన్నాయండీ మీ చేతులు."

అతనికి ఇంకా నమ్మకం కుదరలేదు. చిటికెన వేలి కింద గోటితో సుతారముగా గీరాడు.

ఆహా! ఏమని చెప్పుదును! అరికాలి నుండి పుట్టిన చక్కిలిగింత పిక్కల మీదుగా పొట్టకెగబాకి, నవ్వై పేలినది. వీరపాదము తనంత తానే ఆకాశమునకు లేచి, పెద్దిరాజు చేతిలోని కప్పును తాకి, వేడి టీని అతని నల్లని యుద్ధవస్త్రముల మీద అభిషేకించినది.

"మమ్మీ నే అంకుల్ కో నహలా దియా!" అని, అంకుల్‌కు స్నానం చేయించిన మమ్మీని చూసి, హాసిని మెట్ల మీద కూలబడి నవ్వింది.

నిరంజన్ పాదం వదలకుండానే అడిగాడు. "వచ్చే ఆదివారం ఎన్నింటికి బయల్దేరతావ్? నేను కూడా లేచి టీ పెడతాను."

ఇట్లు, ఢిల్లీ మహానగరమున, బస్సులు పోతూనే ఉండగా, పొగ కమ్ముతూనే ఉండగా, మరి ఏ పత్రికయు ప్రకటించని ఒక మహావిజయము సిద్ధించినది. ఒక కుడికాలి చిటికెన వేలికి చక్కిలిగింత తిరిగి వచ్చినది.