బావగారి కారుకు కొత్త లుంగీ

శనివారం పొద్దున అంకప్ప అనుకున్నది చాలా చిన్న పని. కాఫీ తాగి, మగ్గంలో కూర్చునేలోపు బావగారి కారు మీద నాలుగు బకెట్ల నీళ్ళు పోయడం. ఇంతకన్నా అమాయకమైన ఆలోచన ఆ రోజు వేలూరు పక్కనున్న గుడియాత్తంలో ఇంకెవరికీ వచ్చి ఉండదు.

ఆ నల్ల కారు వాళ్ళింటి ముందు ఊరికే నిలబడలేదు. అంకప్ప భార్య వళ్ళికీ, వేలూరులో ఇళ్ళు కట్టే మేస్త్రీ అయిన ఆమె అన్న ప్రభాకరన్‌కీ రెండేళ్ళుగా మాటల్లేవు. వాళ్ళమ్మ పోయినప్పుడు పదహారో రోజు కర్మకు అతను ఇంటికొచ్చి పిలవకుండా ఫోన్లో పిలిచాడు. తోడబుట్టినదాన్ని ఫోన్లో పిలుస్తారా అని ఆమె వెళ్ళలేదు. తల్లి కర్మకు రావడానికి కూతురికి పిలుపు కావాలా అని అతను మళ్ళీ ఫోన్ చెయ్యలేదు. ఇద్దరిదీ న్యాయమే, అందుకే ఆ తగువు తెగలేదు.

అలాంటివాడు మొన్న బుధవారం పెళ్ళాంతో సహా వచ్చి, "మా వీధంతా కాలవకని తవ్వి పారేసినారు మ్మా. కారు పెట్టేదానికి యాడా చోటు లేదు. బెంగళూరు పోయొచ్చేదాకా ఈడ ఉండనీ" అన్నాడు. వేలూరంత ఊళ్ళో ఒక కారుకు చోటు దొరకలేదంటే ఎవరు నమ్ముతారు? వళ్ళి మాత్రం ఏమీ అడక్కుండా కాఫీ ఇచ్చింది. అతను ఏమీ అనకుండా తాగాడు. రైలుకు బయల్దేరుతూ "సోమారం వస్తా మ్మా" అన్నాడు. ఆ 'మ్మా' విని వళ్ళి వంటింట్లోకి వెళ్ళి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

అందుకే శనివారం పొద్దున మొగుడి చేతిలో బకెట్ చూడగానే ఆమె అడ్డం వచ్చింది.

"దాని జోలికి పోవద్దు. ఎట్లుండాదో అట్లే ఉండనీ. మా అన్న మళ్ళా ఈ గడప తొక్కేది దానికోసరమే" అంది.

"దుమ్ము కొట్టుకోని ఉండాది మే. తళతళమని అప్పజెప్తే ఆయనకెంత సంతోషం!"

"ఆయన సంతోషం నేను చూసుకుంటా. నువ్వు పోయి మగ్గంలో కూచో."

అంకప్ప కూర్చున్నాడు. ఎండెక్కాక వళ్ళి రేషన్ కొట్టుకు వెళ్ళగానే లేచాడు.

వాళ్ళ వీధి బోరు నీళ్ళు ఎంత ఉప్పనంటే, గిన్నె కడిగి బోర్లిస్తే ఆరేసరికి సున్నం కొట్టినట్టుంటుంది. ఈ సంగతి అంకప్పకు చిన్నప్పటినుంచీ తెలుసు. తెలిసిన సంగతి సమయానికి గుర్తు రావడం వేరే విద్య, అది అతనికి అబ్బలేదు. కాలే రేకు మీద పోసిన నీళ్ళు పోసినట్టే ఆవిరైపోయాయి. కారు నిండా ముత్యాలంత తెల్లటి మచ్చలు మిగిలాయి.

తుడవాలి. కానీ దేనితో? బావగారి కారాయె, చింపిరిగుడ్డతో తుడవడానికి మనసొప్పలేదు. నేతగాడింట్లో గుడ్డకు కరువా? కొత్త లుంగీల దొంతరలోంచి పైదాన్ని తీశాడు. గంజి పట్టించి మడతపెట్టిన లుంగీ అది, నేల మీద పెడితే తనంతట తనే నిలబడుతుంది. దాన్ని చుట్టి, ఉన్న బలమంతా పెట్టి, గుండ్రంగా రుద్దాడు. మచ్చలు కాస్త తగ్గాయి. వంగి ఎండవాలుగా చూస్తే వాటి చోట వేలకొద్దీ సన్నటి గీతలు మెరుస్తున్నాయి. అంకప్పకు భయం పట్టుకుంది. అందుకని ఇంకా గట్టిగా రుద్దాడు.

అదే సమయానికి రాజాంబాళ్ అత్త అటుగా వచ్చింది. ఆమె ఇటు అంకప్పకూ అటు ప్రభాకరన్‌కూ చుట్టం. ఇక్కడి మాట అక్కడ చేరవేయకపోతే ఆమెకు తిన్నది అరగదు.

"ఏం నాయనా, కారు కొన్నావా? ఒక మాట చెప్పనేలేదే!"

"నాది కాదత్తా."

"నీది కాకుంటే ఇట్ల చెమట కారస్తా ఎవురైనా రుద్దుతారా? దిష్టి తగులుతాదని దాస్తాండావు. దాచుకో నాయనా, దాచుకో" అంటూ వెళ్ళిపోయింది.

వెళ్ళి ఊరుకోలేదు. బెంగళూరులో ఉన్న ప్రభాకరన్ భార్యకు ఫోన్ చేసి, "మీ ఆడబిడ్డ మొగుడు నల్ల కారు కొన్నాడు. అచ్చం మీదాని మాదిరే ఉండాది. మీ కారు మాత్రం యాడా కనపళ్ళేదు" అని చెప్పేసింది.

ఈలోగా పక్కింటి ఆదిమూలం వచ్చాడు. లారీ తోలి రిటైరైనవాడు. మోటారు సంగతులన్నీ తనకే తెలుసని అతని నమ్మకం, అంకప్ప నమ్మకం కూడా.

"దీనికి పళ్ళపేస్టే మందప్పా. నా లారీ అద్దానికి ఎప్పుడూ అదే పూసేది."

అద్దం వేరు, రంగు వేరు అని ఇద్దరికీ తట్టలేదు. వళ్ళి రేషన్ సంచితో తిరిగొచ్చేసరికి కారు తెల్లగా, పుదీనా వాసన కొడుతూ ఉంది. ఆమె సంచి కింద పడేసి అరుగు మీద కూలబడింది. అప్పుడే ఆమె ఫోన్ మోగింది.

"వళ్ళీ, కారు ఉండాదా?" అన్నాడు ప్రభాకరన్.

"ఉండాదన్నా."

"నిజంగా ఉండాదా? సరి. రేపు పొద్దున్నే వస్తా." ఫోన్ పెట్టేశాడు.

"మ్మా అనలే" అంది వళ్ళి. "పోయె. అంతా పోయె. నాకింక పుట్టిల్లు లేదు."

ఆ మాట విన్నాక అంకప్ప ఇంక నిలవలేదు. ఆదిమూలం చేత కారు తోలించి వేలూరు పరిగెత్తాడు. దారి పొడుగునా పుదీనా వాసనే. దానికి ఆదిమూలం రెండుసార్లు తుమ్మాడు.

వేలూరులో కాట్పాడి రోడ్డు పక్కన కార్లకు పాలిష్ పట్టే షెడ్డు సామ్యుల్‌ది. అతను కారు చుట్టూ ఒకసారి తిరిగి, బానెట్ దగ్గర ఆగి, "దేంతో తుడిచినారు?" అన్నాడు.

"కొత్త లుంగీతో."

"గంజితోనా?"

"గంజి లేకుండా కొత్త లుంగీ యాడుంటాదప్పా?"

"దీనికి గరుకు ఉప్పుకాగితం వాడింటే పని ఇంకా తొందరగా అయిపోయుండేది" అన్నాడు సామ్యుల్.

అయినా మంచివాడు, పనిలోకి దిగాడు. ముందు పేస్టంతా కడిగాడు. పుల్లటి వాసనేసే ద్రావకంతో ఉప్పు మచ్చలు కరిగించాడు. తరువాత కొంచెం కొంచెం చోట మందు రాసి, మెత్తటి స్పాంజి బిళ్ళ తగిలించిన మిషన్ తిప్పాడు. తిప్పిన చోటల్లా గీతలు మాయమై, నలుపు నూనె రాసినట్టు పైకి తేలింది. సాయంత్రానికి కారులో అంకప్ప ముఖం కనిపించింది. ఆ ముఖం ఏడుస్తోంది.

కన్నీళ్ళు తుడుచుకుంటుంటే బానెట్ ఎడమపక్క జానెడు గీత ఒకటి కంటబడింది.

"అదేంది, దాన్ని వదిలేసినావే?"

"అది మీరు చేసింది కాదన్నా, పాతది. చూడండి, లోపల మురికి పట్టి ఉండాది. విడిచిపెట్టండి."

ఆ గీత తనది కాదంటే అంకప్ప నమ్మలేకపోయాడు. ఆ రోజు లోకంలో ఉన్న తప్పులన్నీ తనవే అనిపిస్తున్నాయి. పైగా అతనిది నేతగాడి కన్ను. మంచి నేతలో తప్పిన పోగు కనిపిస్తే దానికిక మిగతా గుడ్డ కనిపించదు.

"ఒక్క పోగు తప్పినా లుంగీ సగం ధరకు సెకెండ్స్ కిందికే పోతాది నాయనా. తీసెయ్."

"గోరు తగలట్లేదు, లోతు లేదు కాబట్టి పోతాది. కానీ పాతది గదా..."

"తీసెయ్ అంటే తీసెయ్!"

సామ్యుల్ తీసేశాడు.

ఆదివారం పొద్దున ప్రభాకరన్ ఆటో దిగాడు. ముఖం బిగుసుకుని ఉంది. ముందు నంబరు ప్లేటు చూశాడు, వెనక్కి వెళ్ళి అదీ చూశాడు. అప్పుడు గట్టిగా ఊపిరి వదిలి నవ్వాడు. "రాజాంబాళత్త మాట విని రేయంతా నిద్ర పోలే మ్మా. భలే మెరస్తాండాదే కారు!"

మ్మా అన్నాడు. వళ్ళి రెండు చేతులూ జోడించి పైకి చూసింది. అంకప్ప ఛాతీ వెడల్పయింది.

ప్రభాకరన్ బానెట్ దగ్గరికి వచ్చాడు. ఎడమపక్కన చెయ్యి పెట్టాడు. నవ్వు ఆగిపోయింది. వేలితో అటూ ఇటూ తడిమాడు, వంగి ఎండవాలుగా చూశాడు.

"ఎంత వెతికినా దొరకదు బావా!" అన్నాడు అంకప్ప. "ఒక్క గీత చూపించు, సగం మీసం తీసేస్తా."

"అదే అడగతాండా. యాడ?"

"ఏది?"

"గీత."

ఎవరికీ అర్థం కాలేదు. ప్రభాకరన్ గీత ఉండిన చోట వేలు పెట్టి చూపించాడు. "కారు పూజ దినం అమ్మ హారతి పళ్ళెం తిప్పతా తిప్పతా ఈడ గీరింది. నువ్వు బస్సు దొరక్క లేటుగా వస్తివి గదా వళ్ళీ, నీకు తెలీదు. 'అయ్యో నాయనా, కొత్త బండిని గీరేస్తినే' అని ఆ పొద్దంతా కొంగుతో తుడస్తానే ఉండింది. అది పోలే, అమ్మే పోయె. దినామూ బండెక్కే ముందర ఆడ ఒకసారి చెయ్యి పెట్టేది నేను."

"నాకెందుకు చెప్పలేదన్నా?"

"మాట్లాడుకోనుంటే గదా మ్మా చెప్పేది."

వళ్ళి వచ్చి అన్న చెయ్యి పక్కన తన చెయ్యి పెట్టింది. బానెట్ అద్దంలా నున్నగా ఉంది. వెతకడానికి ఏమీ లేదు. అన్నాచెల్లెళ్ళిద్దరూ అక్కడే నిలబడి, రెండేళ్ళ కిందట కలిసి ఏడవాల్సింది ఇప్పుడు ఏడ్చారు. అంకప్ప భూమిలోకి దిగిపోదామని చూశాడు, దారి కనపడలేదు.

ఆదిమూలం స్నేహితుణ్ణి కాపాడదామని ముందుకొచ్చాడు. "అంకప్పది తప్పు లేదప్పా. అది పాతది, విడిచిపెట్టండని సామ్యుల్ ఒకటికి రెండు మాట్లు చెప్పినాడు. ఈయనే పట్టుబట్టి తీయించినాడు."

వళ్ళి మెల్లగా మొగుడి వైపు తిరిగింది. "జోలికి పోవద్దంటి గదా!"

"తీసెయ్ అన్నావా బావా? నీ నోటితోనే అన్నావా?" అన్నాడు ప్రభాకరన్. తరువాత చెల్లెలితో, "ఈయన ఎప్పుడూ ఇంతేనా మ్మా?" అన్నాడు.

"పెండ్లయిన కాడ్నించీ ఇంతే అన్నా. నీతో చెప్పుకుందామంటే మాటలే లేకపాయె."

చెప్పుకోవడానికి చాలా ఉంది. మధ్యాహ్నం భోజనాల దాకా చెబుతూనే ఉంది. ప్రభాకరన్ మారన్నం పెట్టించుకుని తిని, చెయ్యి కడుక్కుని, "అమ్మ తద్దినానికి రా మ్మా. ఇంటికొచ్చి పిలస్తాండా" అన్నాడు. వళ్ళి వీధి చివరిదాకా కారు వెంట నడిచి అతన్ని సాగనంపింది.

అలా రెండేళ్ళ తరువాత అన్నాచెల్లెళ్ళకు మాటలు కలిశాయి. ఇద్దరూ అంకప్పతో మాట్లాడటం మానేశారు.